ఏ నదికి ఈ హారతి? నడిగడ్డ సాయంకాల నదీనీరాజనం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కృష్ణా తుంగభద్రల తీరాన పుష్కరాల వేళ జరిగే సాయంకాల నదీహారతిని ఈ వ్యాసం ఒక ప్రదర్శనరూపంగానూ, ఒక వాగ్రూపంగానూ పరిశీలిస్తుంది. నేడు ప్రచారంలో ఉన్న నదీహారతి ప్రధానంగా కాశీ దశాశ్వమేధఘట్టపు నమూనాను అనుసరిస్తున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో నదిని సంబోధించే సొంత రూపాలు అంతకు ముందునుండే ఉన్నాయి. సంకల్పం, అర్ఘ్యం, కార్తికదీపం, స్త్రీల మంగళహారతి అటువంటివి. అనుకరణను దోషంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తెచ్చుకొన్న రూపం ఈ ఒడ్డును పేరుపెట్టి పిలుస్తున్నదా, ఈ నదికి ఇటీవలి కాలంలో జరిగిన మార్పును గుర్తిస్తున్నదా అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

కీలకపదాలు: నదీహారతి, నీరాజనం, పుష్కరం, నడిగడ్డ, సంకల్పం, మంగళహారతి, ముంపు.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని జనవ్యవహారంలో నడిగడ్డ అంటారు. కృష్ణకు ఆవలి ఒడ్డున వనపర్తి ప్రాంతం, మరికొంత దిగువన కొల్లాపురం, సోమశిలలతో కూడిన నాగర్‌కర్నూలు ప్రాంతం ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకు రెండు నెలల ముందు, 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణాపుష్కరాల నాటికి ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. బీచుపల్లి, నది అగ్రహారం, రంగాపురం, సోమశిల మొదలైన రేవులు ఆనాడు ఒకే జిల్లా రేవులు. నాలుగేళ్ల తరువాత, 2020 నవంబరు 20 నుండి డిసెంబరు 1 వరకు తుంగభద్రాపుష్కరాలు కోవిడ్ నిబంధనల నడుమ జరిగాయి. తెలంగాణలో ఆ నది ఒడ్డు జోగులాంబ గద్వాల జిల్లాకే చెందినందువల్ల అలంపురం, రాజోళి, పుల్లూరు, వేణిసోంపురం రేవులే ఆ ఉత్సవానికి వేదికలైనాయి.

పుష్కరం అంటే ఒకప్పుడు స్నానం, దానం, పిండప్రదానం. ఇటీవలి పుష్కరాలలో వీటికి దీటుగా, ఒక్కొక్కచోట వీటికంటే మిన్నగా, సాయంకాల హారతి నిలిచింది. ప్రభుత్వ ప్రకటనలలో, పత్రికల ఛాయాచిత్రాలలో, టెలివిజన్ ప్రసారాలలో పుష్కరానికి ప్రతీకగా కనిపించేది స్నానం కాదు, హారతే. కాబట్టి దీనిని భక్తికార్యంగా మాత్రమే కాక ఒక కళారూపంగా కూడా విమర్శకు పెట్టవలసిన అవసరం ఉంది. యక్షగానాన్ని, హరికథను, భజనను విమర్శించిన సాహిత్యలోకం నదీహారతిని విమర్శించకపోవడానికి కారణం కనబడదు. దీనికీ పాఠం ఉంది, ప్రయోక్తలున్నారు, ప్రేక్షకులున్నారు.

2. హారతి – పదం, ప్రయోజనం:

హారతి అనే మాట సంస్కృత 'ఆరాత్రిక' శబ్దం నుండి ప్రాకృతం మీదుగా వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. రాత్రితో, అంటే చీకటితో, దీనికి సంబంధం ఉంది. దీనికి పర్యాయంగా వాడే 'నీరాజనం' వేరొక చరిత్ర గలది. వరాహమిహిరుని బృహత్సంహితలో నీరాజనవిధికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అక్కడ అది రాజు తన గుర్రాలకు, ఏనుగులకు కీడు సోకకుండా జరిపించే శాంతికర్మ. ఈ రెండు అర్థాలూ తెలుగు ఇళ్లలో నేటికీ కలిసి జీవిస్తున్నాయి. దేవుని ముందు కర్పూరం వెలిగిస్తే అది ఆరాధన. పెళ్లికొడుకు గడప దగ్గర నిలిచినప్పుడు పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లు తిప్పి పారబోస్తే అది దిష్టి తీయడం. రెండింటినీ మనం హారతి అనే అంటాం.

ఈ ద్వ్యర్థం విమర్శకు ముఖ్యమైనది. హారతి ఇచ్చే చేయి ఒక వైపు "నీవు గొప్పదానివి" అంటుంది, మరొక వైపు "నీకు ఏ కీడూ రాకూడదు" అంటుంది. మొదటిది స్తుతి, రెండవది ఆందోళనతో కూడిన ప్రేమ. దేవాలయంలోని మూలమూర్తికి ఇచ్చే హారతిలో మొదటి అర్థమే ప్రధానం కావచ్చు. ఎదుట ఉన్నది నది అయినప్పుడు రెండవ అర్థాన్ని విస్మరించడం కష్టం. నది ఎండుతుంది, మురికి అవుతుంది, ఆనకట్టల వెనుక ఆగిపోతుంది, వరదై ఊళ్లను ముంచుతుంది. నదికి ఇచ్చే హారతిలో దిష్టి తీసే అర్థం లోపిస్తే అది సగం హారతే.

3. కాశీ నమూనా:

గంగాతీరంలో హారతి కొత్తది కాదు. హరిద్వారంలో హరికీపౌడీ వద్ద జరిగే గంగాహారతి, 1916లో ఏర్పడిన గంగాసభ నిర్వహణలో, శతాబ్దానికి పైబడిన సంప్రదాయంగా కొనసాగుతున్నది. అయితే దేశమంతటా అనుకరణకు నోచుకొన్నది కాశీ దశాశ్వమేధఘట్టంలో 1990వ దశకంలో రూపుదిద్దుకొన్న సామూహిక హారతి. వరుసగా వేసిన ఎత్తైన పీఠాలు, ఒకే రంగు వస్త్రాలు ధరించిన అర్చకులు, శంఖారావంతో ఆరంభం, ధూపం, అంచెల దీపస్తంభం, పడగ ఆకారపు నాగహారతి, చామరం, నెమలిపింఛం, అందరి చేతులూ ఒకే లయలో తిరగడం దీని లక్షణాలు. నదికి, జనానికి మధ్య ఒక వేదిక ఉంటుంది. ఆ వేదిక మీది కదలికే దృశ్యం.

తెలుగునాట ఈ నమూనా పుష్కరాలతో బలపడింది. 2016లో విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం వద్ద పవిత్రసంగమంలో ఏర్పాటైన హారతి, రాజమహేంద్రవరంలోని గోదావరి హారతి దీనికి పేరెన్నికగన్న ఉదాహరణలు. 2025 మేలో కాళేశ్వరంలో జరిగిన సరస్వతీపుష్కరాలలో హారతి ఇవ్వడానికి కాశీనుండి పండితులను రప్పించారు. నడిగడ్డ రేవులలోని హారతులు ఈ విస్తృతమైన ధోరణిలో భాగమే.

దృశ్యంగా ఈ రూపానికి శక్తి ఉన్నది. చీకటి పడుతున్నవేళ నీటి మీద పడే దీపాల ప్రతిబింబం, శంఖధ్వనికి ఒక్కసారిగా అణిగే జనఘోష ఎవరినైనా కదిలిస్తాయి. ఆ శక్తి కదలికలది, కాంతిది. మాటల దగ్గరకు వచ్చేసరికి రూపం బలహీనపడుతుంది. వినిపించేవి ఎక్కువగా సర్వసాధారణమైన స్తోత్రాలు. నది పేరు మార్చితే ఏ తీరానికైనా సరిపోయేవి. ఇక్కడ తుంగభద్ర అన్నచోట మరొకచోట గోదావరి అంటే సరిపోతుంది. సంబోధించే నదిని మార్చినా అర్థం మారని పాఠాన్ని ఆ నదికే చెందిన పాఠం అనగలమా? సాహిత్యవిమర్శలో ఏ కావ్యానికైనా అతికే వర్ణనను మనం అతుకులబొంత అంటాం. ఇక్కడ కూడా అదే ప్రమాణం వర్తిస్తుంది.

హాజరైనవాడి స్థానం కూడా మారింది. రేవులో దిగి దోసిలితో నీరు విడిచేవాడు కర్త. వేదిక ముందు కూర్చొని సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకొన్నవాడు ద్రష్ట. చూడడం తక్కువ పని కాదు. కాని వేలమంది చేతులు చేయగలిగిన పనిని పది చేతులకు అప్పగించినప్పుడు మిగిలిన చేతులకు ఏ పని మిగిలిందో అడగాలి.

4. నడిగడ్డ సొంత రూపాలు:

4.1 సంకల్పం: స్నానానికి, పూజకు ముందు చెప్పే సంకల్పం కాలాన్నీ, దేశాన్నీ నిర్దేశిస్తుంది. కర్త శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో, ఏ రెండు నదుల మధ్య నిలిచి ఉన్నాడో అందులో చెప్పుకోవాలి. తెలుగుదేశంలో చాలామంది కృష్ణాగోదావరుల నడుమ ఉన్నట్టు చెప్పుకొంటారు. నడిగడ్డవాడు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నానని చెప్పుకోవాలి. శ్రీశైలానికి పశ్చిమద్వారంగా ప్రసిద్ధమైన అలంపురంలో నిలిచినవాడికి శ్రీశైలం ఏ దిక్కో వేరే చెప్పనక్కరలేదు. ఈ చిన్న వాక్యం ఒక చిరునామా. పూజను ఒక నిర్దిష్టమైన నేలకు కట్టివేసే ముడి. వేదికపై హారతిలో అర్చకుడు సంకల్పం చెప్పినా, వాద్యఘోషలో అది జనానికి వినబడదు. అత్యంత స్థానికమైన వాక్యమే అన్నిటికంటే తక్కువ వినబడుతున్నది.

4.2 సప్తనదీ శ్లోకం, ఒక లోపం: స్నానవేళ కలశజలంలోకి నదులను ఆవాహన చేసే ప్రసిద్ధశ్లోకంలో గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి ఉన్నాయి. కృష్ణ లేదు, తుంగభద్ర లేదు. కృష్ణలో నిలబడి కృష్ణ పేరు లేని శ్లోకం చెప్పుకొంటూ మునిగినవారు తరతరాలుగా ఉన్నారు. అంటే పాఠం వేరొకచోటిది కావడమన్నది ఈనాటి సమస్య మాత్రమే కాదు. అయితే ఆ లోపాన్ని పూరించడానికే పక్కన సంకల్పం ఉంది. శ్లోకం దేశమంతటి నదులను ఇక్కడికి పిలుస్తుంది. సంకల్పం పిలుస్తున్నవాడు ఎక్కడున్నాడో చెబుతుంది. రెండూ కలిస్తేనే కర్మ పూర్ణం.

4.3 గంగమ్మ: పాలమూరు పల్లెల్లో బావిలో ఊరినది గంగే, చెరువు నిండితే వచ్చినది గంగే, కృష్ణ కూడా గంగే. దీనిని చూపి స్థానికులే ప్రతి నదినీ గంగ అంటున్నప్పుడు గంగాహారతి రూపం వస్తే తప్పేమిటని ఒకరు అడగవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మభేదం ఉంది. జనవ్యవహారం ప్రతి నీటినీ గంగను చేస్తుంది. నేటి హారతి ప్రతి ఒడ్డునూ కాశీని చేస్తుంది. మొదటిదానిలో నీరు ఎక్కడున్నదో అక్కడే గౌరవం పొందుతుంది. రెండవదానిలో ఆ ఒడ్డు తనను మరచి మరొక ఒడ్డు వేషం కడుతుంది.

4.4 అలంపురం – దక్షిణకాశి: అలంపురాన్ని దక్షిణకాశి అంటారు. కాశీలో గంగ ఉత్తరవాహిని అయినట్టు ఇక్కడ తుంగభద్ర ఉత్తరవాహిని అనీ, అక్కడి విశ్వేశ్వరునికి, విశాలాక్షికి దీటుగా ఇక్కడ బాలబ్రహ్మేశ్వరుడు, జోగులాంబ ఉన్నారనీ స్థలమాహాత్మ్యం చెప్పుకొంటారు. కాశీతో పోలిక ఈ నేలకు పరాయిది కాదనడానికి ఇదే సాక్ష్యం. కాని ఆ పోలిక పద్ధతి గమనించదగినది. అది ఉపమానాన్ని తెచ్చి ఉపమేయాన్ని తొలగించలేదు. గంగకు బదులు తుంగభద్ర, విశాలాక్షికి బదులు జోగులాంబ అంటూ ప్రతి స్థానంలోనూ స్థానికనామాన్నే నిలిపింది. బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మాలయాల శిఖరాలలో ఉత్తరాది నాగరరీతి కనిపించినా అవి ఈ నేల కట్టడాలుగానే నిలిచాయి.

4.5 కార్తికదీపం, మంగళహారతి: కార్తికమాసంలో ఆకుదొప్పలోనో, అరటిదొన్నెలోనో ఒత్తి వెలిగించి నీటిలో వదలడం తెలుగు స్త్రీలకు అలవాటైన నదీపూజ. దీనికి వేదిక అక్కరలేదు, పురోహితుడు తప్పనిసరి కాదు. ప్రతి దీపం వెనుక ఒక పేరు, ఒక కోరిక ఉంటాయి. పూజ చివర ముత్తయిదువలు పాడే మంగళహారతి కూడా ఇటువంటిదే. దేవత రూపాన్ని, నగలను, మహిమను వర్ణిస్తూ సాగే ఆ పాటలలో తరచుగా క్షేత్రం పేరు వస్తుంది. పేరంటాలలో, పెళ్లిళ్లలో, యక్షగాన హరికథల ముగింపులో జీవించిన ఈ ప్రక్రియ నదీహారతి వేదిక మీద మాత్రం అరుదుగా వినిపిస్తుంది. హారతి అనే పేరుగల తెలుగుపాట ఉండగా హారతివేళ దానికి చోటు లేకపోవడం విచారించదగినది.

2020 తుంగభద్రాపుష్కరాలు కార్తికమాసంలోనే వచ్చాయి. నవంబరు 30న కార్తికపూర్ణిమ పుష్కరదినాలలో ఒకటి. ఆకుదొప్ప దీపం, అంచెల దీపస్తంభం ఒకే ఒడ్డున, ఒకే మాసంలో కలిసే అవకాశం అది. ఇటువంటి సంధి ప్రతి పుష్కరానికీ రాదు. 2016 కృష్ణాపుష్కరాలు శ్రావణంలో, వరలక్ష్మీవ్రతం నాడు ఆరంభమైనాయి. మాసాన్ని బట్టి, వ్రతాన్ని బట్టి హారతి పాఠం మారవలసి ఉంటుందని ఈ రెండు ఉదాహరణలు సూచిస్తున్నాయి.

5. కదిలే ఒడ్డు:

కాశీ ఘట్టాలలో గంగ హెచ్చినా తగ్గినా మెట్లవరుస అదే. నడిగడ్డకు దిగువన కృష్ణ ఒడ్డు అటువంటిది కాదు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు ఆ మట్టానికి చేరినప్పుడు సోమశిల వద్ద నది సముద్రంలా పరచుకొంటుంది. వేసవిలో దిగినప్పుడు ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. సోమశిలకు ఆవలి తీరాన ఉన్న సంగమేశ్వరాలయం ఏడాదిలో చాలాకాలం నీట మునిగి ఉండి, మట్టం తగ్గినప్పుడే బయటపడుతుంది. ఎగువన జూరాల తలుపులు ఎంత ఎత్తారనేదాన్ని బట్టి బీచుపల్లి వద్ద నీరు మారుతుంది. ఇక్కడ నది అంటే ప్రకృతి ఒక్కటే కాదు, నీటిపారుదలశాఖ నిర్ణయం కూడా.

ఈ నీటి కింద ఊళ్లున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో అలంపురం, కొల్లాపురం ప్రాంతాల పల్లెలు ఖాళీ అయినాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. సోమశిల లలితా సోమేశ్వరాలయాన్ని ఎత్తైన చోటికి చేర్చారు. మంచాలకట్ట మాధవస్వామి ఆలయం కొల్లాపురానికి వచ్చింది. దేవుళ్లకు పునరావాసం లభించింది. మనుషుల పునరావాసం అంత సాఫీగా సాగలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చేందుకు 1986లో వచ్చిన 98వ నెంబరు జీవో అమలుకోసం నిర్వాసితులు దశాబ్దాలపాటు పోరాడారు. 2007లో మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 2009 అక్టోబరు వరదలు కర్నూలుతోపాటు అలంపురాన్ని, రాజోళిని ముంచెత్తాయి. అలంపురం ఆలయాల చరిత్రను వెలికితీసి, వాటి రక్షణకు పాటుపడిన గడియారం రామకృష్ణశర్మ జీవితమే ఈ ఒడ్డుకు, ఈ ముప్పుకు మధ్య సాగింది. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఇటువంటి నదికి ఎదురుగా నిలిచి కేవలం అన్నమిచ్చే తల్లిగా మాత్రమే స్తుతించే పాఠం అసత్యం కాకపోయినా అసంపూర్ణం. జూరాల నీరు పారిన పొలం యజమాని ఆ మాటను మనస్ఫూర్తిగా అనగలడు. తన ఊరు నీటి అడుగున ఉన్న వృద్ధురాలు అదే హారతికి వచ్చి చేతులు జోడిస్తే ఆమె మనసులోని మాటకు ఆ పాఠంలో చోటు లేదు. ఆమెకు నది తల్లి మాత్రమే కాదు, పుట్టింటి సమాధి కూడా. మొక్కులో ప్రేమా, భయమూ, కోపమూ కలిసి ఉండవచ్చునని గ్రామదేవతల జాతరలు మనకు ఎప్పుడో నేర్పాయి. గద్వాల సమీపాన జమ్మిచేడు జములమ్మ దగ్గరకు వెళ్లే భక్తులకు ఆ సంగతి తెలుసు. అమ్మవారిని చల్లబడమని వేడుకోవడంలో ఆమె ఆగ్రహాన్ని ఒప్పుకోవడం ఉంది. ఆ ధైర్యం నదీహారతి పాఠానికి ఇంకా రాలేదు.

6. పూర్వపక్షం:

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, సామూహిక హారతి లేకపోతే యువతరం నదివద్దకే రాదన్నది. ఇది చాలావరకు నిజం. దృశ్యవైభవం జనాన్ని ఒడ్డుకు రప్పిస్తుంది. రేవుల శుభ్రత మీద, వెలుతురు మీద దృష్టి పడేట్టు చేస్తుంది. కాని వచ్చినవారు ఏమి విని వెళుతున్నారన్నది ఆ తరువాతి ప్రశ్న. రెండవది, భక్తికర్మను సాహిత్యప్రమాణాలతో తూచరాదన్నది. దేవుని ఎదుట పలికే మాటకు ఔచిత్యం ఇంకా ఎక్కువ అవసరమని మన ఆలంకారికుల దృష్టితో చెప్పవచ్చు. ఏ మాట ఎక్కడ తగునో తెలియడమే ఔచిత్యం.

మూడవది, ఉత్తరాది రూపాన్ని స్వీకరించడమే తప్పన్నట్టు ఈ విమర్శ ధ్వనిస్తుందన్నది. దీనికి సమాధానం గద్వాల మగ్గం దగ్గర ఉంది. సంస్థానకాలంలో ఇక్కడి నేతగాళ్లను జరీపని నేర్చుకోవడానికి బనారసుకు పంపారని గద్వాలలో చెప్పుకొంటారు. వారు తిరిగివచ్చి బనారసు చీరను నేయలేదు. నూలు ఒడలికి పట్టు అంచును, పట్టు కొంగును జతచేసి గద్వాల చీరను నేశారు. వేసవి ఎండకు తగిన నూలు ఇక్కడిది, వైభవం చూపే జరీ అక్కడిది, రెండింటినీ కలిపే అతుకుపని గద్వాలది. ఆ అతుకు దగ్గరే ఈ చీర ప్రత్యేకత ఉంది. మన నదీహారతిలో జరీ ఉంది. నూలు లేదు. అందువల్ల అతుకు పడలేదు.

7. ముగింపు:

కృష్ణకు తదుపరి పుష్కరం 2028లో, తుంగభద్రకు 2032లో రానున్నాయి. నిర్వాహకులకు, దేవాలయాలకు, ఈ ప్రాంతపు కవిపండితులకు పాఠాన్ని సిద్ధం చేసుకొనే వ్యవధి ఉంది. 'విద్వద్గద్వాల' అని పేరుపొందిన సంస్థానం, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పోషించిన కవితాసంప్రదాయం ఈ నేలది. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను లోకానికి చూపిన సురవరం ప్రతాపరెడ్డి నడిగడ్డ బిడ్డ. ఇటువంటి చోట నదిని సంబోధించే మాటలకు కరవు రాకూడదు.

పై పరిశీలననుండి నాలుగు విషయాలను ప్రతిపాదించవచ్చు. ఒకటి, సంకల్పాన్ని వాద్యాలు ఆపి, జనమంతా వినేట్టు, అర్థం తెలుగులో చెబుతూ పలకాలి. రెండు, ఆ దేశనిర్దేశంలో నది ఒడ్డునున్న ఊళ్లతోపాటు నది అడుగునున్న ఊళ్ల పేర్లనూ చేర్చాలి. కూడవెల్లి పేరు, మంచాలకట్ట పేరు సాయంసంధ్యలో ఒకసారి వినబడితే కర్మకు లోటేమీ రాదు. మూడు, ఈ ప్రాంతపు స్త్రీలు పాడే మంగళహారతులకు వేదిక మీద చోటివ్వాలి. నాలుగు, దీపస్తంభం తిరిగిన తరువాత కొద్దిసేపు విద్యుద్దీపాలు ఆర్పి, వచ్చిన ప్రతివారూ తమ ఆకుదొప్పను తామే నీటిలో విడిచే వ్యవధినివ్వాలి.

వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. ఏదీ శాస్త్రవిరుద్ధం కాదు. హారతి అంటే దిష్టి తీయడం కూడా అయితే, ఈ నదికి తగిలిన దిష్టి ఏమిటో, ఈ నది వల్ల ఎవరికి ఏమి పోయిందో తెలిసినవారే దానిని తీయగలరు. ఆ తెలిసినవారు ప్రతి సాయంకాలం జనంలోనే కూర్చొని ఉన్నారు. వారి మాట వినబడేటట్టు పాఠాన్ని తిరిగి కూర్చుకొన్ననాడు ఇది ఏ నదికి హారతి అనే ప్రశ్న వేయవలసిన అవసరం ఉండదు.